గేజి మీద గంధం

పట్టర నడపడం ఎలాగని ఎవరు అడిగినా మా పెద్దనాయన కుడిచెయ్యి చాచి అయిదు వేళ్ళు చూపించేవాడు. పట్టర అంటే మా కోయంబత్తూరు మాటలో ఇనుము చెక్కే నాలుగు లేతులూ రెండు డ్రిల్లింగు మిషన్లూ ఉండే కార్ఖానా. మాది నీళ్ళు తోడే పంపులు చేసే పట్టర. చిటికెనవేలు సరుకు. ఫౌండ్రీ నుంచి వచ్చిన పోతలోనే బుడగ ఉంటే ఆ తరవాత ఎవడెంత చాకిరీ చేసినా దండగే. ఉంగరపు వేలు మిషను, నడిమివేలు మనిషి, చూపుడువేలు కొన్నవాడు. అన్నీ అయ్యాక బొటనవేలు ఎత్తి, "ఇది కొలత. ఇది లేకుండా మిగతా నాలుగుతో చెంబు ఎత్తి చూడు" అనేవాడు. ఆ మాట వినీ వినీ నా చెవులు తూట్లు పడ్డాయి. నాకు ఇరవై మూడేళ్ళు వచ్చాక ఆ బొటనవేలి పని నాకే అప్పజెప్పాడు. దాన్ని నేనెలా చూసుకున్నానో ఇన్నేళ్ళూ ఎవరికీ చెప్పలేదు.

మా ఇల్లూ పట్టరా ఒకే కప్పు కింద ఉండేవి. వంటింటి వెనక తలుపు తీస్తే షాఫ్టు లేతు, పంపులో తిరిగే ఇరుసు చేసేది. పొద్దున తాగే కాఫీలో కూడా కటింగ్ ఆయిలు వాసనే. పుట్టింది ఆ కప్పు కింద, తిన్నది ఆ కప్పు కింద, పని కూడా అక్కడే. మా నాయన నా చిన్నప్పుడే పోతే పెద్దనాయనే పెంచాడు, తమిళ బడిలో వేశాడు, పాలిటెక్నిక్కు చదివించాడు. ఇంత చేసినవాడికి ఎదురు చెప్పడానికి నాకు నోరెక్కడిది?

ఇంటికీ పట్టరకూ నడుమ ఉన్న గడప మీద మా అవ్వ, అంటే పెద్దనాయన తల్లి, పొద్దంతా కూర్చునేది. లోపల ఏం ఉడుకుతోందో, బయట ఏ లేతు ఆగిపోయిందో ఆమెకు కూర్చున్న చోటునుంచే తెలిసేది. నాకు తెలుగు రాత నేర్పింది కూడా ఆ గడప మీదే. మా వైపు తెలుగు మాట్లాడే ఇళ్ళు వీధులకు వీధులు ఉన్నాయి గానీ చదవను రాయను వచ్చినవాళ్ళు చాలా తక్కువ. "మాట నోట్లో ఉండాది కదరా, రాత చేతిలో ఉండద్దా?" అని పలక మీద దిద్దించేది. దిద్దినప్పుడల్లా విసుక్కున్నాను. అది ఇలా పనికొస్తుందని అప్పుడు అనుకోలేదు.

ఆ ఏడు నాకు ఒక్కటే కోరిక, బయటపడాలి. మా వీధి చివరి స్పిన్నింగు మిల్లులో మెయింటెనెన్సు సూపర్వైజరుగా రమ్మని కాగితం వచ్చింది. దీపావళి దాటాక, నెల మొదట్లో చేరాలి. పెద్దనాయన కాగితం రెండుసార్లు చదివి, "సరి, పోరా. దీపావళి సరుకు బయటికి పంపించి పో" అన్నాడు. మిల్లు ఏమీ స్వర్గం కాదు, నాకు తెలుసు. కానీ అది వేరే కప్పు. సాయంత్రమైతే దాని కిందనుంచి బయటికి నడిచి రావచ్చు. మూడు గంటల సైరను మోగినప్పుడల్లా ఇంకెన్ని రోజులో లెక్కపెట్టుకునేవాణ్ణి.

షాఫ్టు లేతు మీద ఒకాయన పనిచేసేవాడు. మాలాగే ఇంట్లో తెలుగే, మతానికి క్రైస్తవుడు, నాకన్నా పదిహేనేళ్ళు పెద్ద. నేను ఆయన్ని అన్నా అనేవాణ్ణి, ఆయన నన్ను తంబీ అనేవాడు. పనివాళ్ళు చెయ్యి చెయ్యి అంటారే, ఆ చెయ్యి ఆయనది. ఇనుము మీద వేలు ఆనించి ఇంకా వెంట్రుకంత తీయాలని చెప్పేవాడు, తీశాక చూస్తే సరిగ్గా అంతే. పట్టరలో ఒక్కో టర్నరుకు, అంటే లేతు పనివాడికి, ఇనుము మీద సుత్తితో కొట్టే ఒక్కో పంచి గుర్తు ఉండేది. రేపు తప్పొస్తే ఎవరి పనో తెలియాలని పెద్దనాయన పెట్టిన పద్ధతి. ఆయన చేసిన ప్రతి షాఫ్టు చివరా రెండు చుక్కలు. ఆ రెండు చుక్కలు కనిపిస్తే ఫిట్టర్లు మళ్ళీ చూడకుండా బిగించేవాళ్ళు.

ఇక గేజి సంగతి. అరచేతిలో పట్టే ఇనప ముక్క, రెండు వైపులా రెండు నోళ్ళు. షాఫ్టు మొదటి నోట్లో దూరాలి, రెండో నోట్లో దూరకూడదు. మొదటి దాంట్లో దూరకపోతే లావు, రెండో దాంట్లో కూడా దూరితే సన్నం. చదువురానివాడు కూడా చూసి చెప్పేయొచ్చు. దాని మీద నమ్మకంతో కూర్చోకుండా పది షాఫ్టులకు ఒకటి చొప్పున మైక్రోమీటరుతో కొలిచి రిజిస్టరులో రాయడం నా పని.

ఆయుధ పూజ రోజు పట్టర నేల కడిగి, మిషన్లకు మామిడాకులు కట్టి, పనిముట్లన్నీ బల్ల మీద పరిచేవాళ్ళం. స్పానర్లు, సుత్తులు, పంచులు, గేజి, మైక్రోమీటరు, అన్నీ వరసగా. అవ్వ తన చేత్తో ప్రతిదానికీ పసుపు కలిపిన గంధం అద్ది కుంకం పెట్టేది. వేరెవరినీ పెట్టనిచ్చేది కాదు. దానికి ఆమె ఒక నియమం కూడా పెట్టింది. పెట్టిన బొట్టును ఎవరూ చేత్తో తుడవకూడదు. పని జరుగుతుంటే తనంతట తానే రాలిపోవాలి. తుడిస్తే ఆ ఏడంతా పని తుడుచుకుపోతుందట. మామూలుగా గేజికి పిడి మీదే పెట్టేది. ఆ ఏడు ఆమె కళ్ళకు శుక్లాలు వచ్చి చూపు మసకైంది. వేళ్ళతో తడుముకుంటూ గేజి రెండు నోళ్ళ లోపలా ధారాళంగా అద్దింది. నేను పక్కనే గిన్నె పట్టుకుని నిలబడి చూశాను. మరమరాలు, శనగలు పంచిపెట్టే హడావుడిలో అందులో ఏమీ తప్పు కనిపించలేదు.

పూజ ముగిసి పని మొదలైన పొద్దున షాఫ్టు లేతు అన్న గేజి అరచేతిలో పెట్టుకుని నా దగ్గరికి వచ్చాడు.

"తంబీ, గేజి బిర్రుగా ఉండాది. నోట్లో సందనం ఎండిపోయుండాది చూడు. కొంచెం తుడిచి ఇయ్యి."

"నువ్వే తుడువు అన్నా."

"నేను తుడవకూడదు తంబీ. అవ్వ పెట్టింది. నేను చర్చికి పోయేవాణ్ణి, నేను తుడిస్తే మాట వేరేగా పోతుంది. నువ్వు ఇంటివాడివి."

గడప మీద అవ్వ కూర్చుని ఉంది. చూపు పోయింది గానీ చెవులు పోలేదు. ఇప్పుడు గేజి తుడిస్తే ఆమె అడుగుతుంది, నేను చెప్పాలి, ఇంట్లో ఒక పూట రభస. పైగా ఆ పొద్దున నా జేబులో మిల్లువాళ్ళు నింపి పంపమన్న ఫారాలు ఉన్నాయి. బుర్రంతా వాటి మీదే.

"సందనం ఎంత మందం ఉంటాదన్నా? నాలుగు షాఫ్టులు పెడితే అదే రాలిపోతాది. గేజి ఎట్లా చెప్తే అట్లా చెయ్యి" అన్నాను.

"గేజి చెప్పినట్టే చెయ్యనా?" అని అడిగాడు ఆయన.

"ఆమా, అట్లే చెయ్యి" అన్నాను.

ఆయన వెళ్ళి లేతు వేశాడు.

గంధం రాలలేదు. కటింగ్ ఆయిలు పీల్చుకుని ఇంకా గట్టిపడింది. మొదటి నోరు ఇరుకైపోయింది కాబట్టి షాఫ్టు అందులో దూరాలంటే కావలసినదానికన్నా సన్నం చేయాల్సి వచ్చింది. రెండో నోరూ అంతే ఇరుకైంది కాబట్టి సన్నమైందని అదీ చెప్పలేదు. ఇది నాకు తెలియజెయ్యడానికి నా బల్ల మీద మైక్రోమీటరు ఉంది. ఆ వారం నేను దాన్ని ముట్టుకోలేదు. ముట్టుకోకుండానే రిజిస్టరులో ‘సరి’ అని వరసగా రాసుకుంటూ పోయాను. ఫిట్టర్లు బేరింగులు ఎక్కిస్తూ, "ఈ మారు సుత్తే అక్కరలేదు, వెన్నలో వేలు పెట్టినట్టు దిగుతాండాది" అని నవ్వుకున్నారు. బేరింగు సుత్తి లేకుండా దిగిందంటే ఏమిటో పాలిటెక్నిక్కులో మొదటి ఏడే చెప్పారు. నేనూ వాళ్ళతో కలిసి నవ్వాను.

శుక్రవారం పంపులు లారీ ఎక్కి పొల్లాచ్చి వెళ్ళిపోయాయి. శనివారం వారపు శుభ్రం. కిరసనాయిలు గుడ్డతో గేజి నేనే తుడిచాను. అవ్వ ఆ పూట గుడికి వెళ్ళింది, అందుకే ధైర్యం. గుడ్డతో పోలేదు, గోటితో గీకితే పెచ్చుగా ఊడింది. పసుప్పచ్చటి పెచ్చు నా అరచేతిలో ఉంది. మూలన మిగిలిన షాఫ్టు ఒకటి తీసి మైక్రోమీటరు పెట్టాను. సన్నం. ఇంకొకటి, అదీ సన్నమే. ఆ రెండింటినీ తుక్కు కుప్పలో అడుగుకు తోసేశాను. ఆ క్షణంలో పెద్దనాయన దగ్గరికి వెళ్ళి చెప్పి ఉంటే పంపులన్నీ పొల్లాచ్చి మండీలోనే ఆగేవి. చెప్పలేదు. ఏమో, ఏమీ కాకపోవచ్చు, ఈలోపు నేను మిల్లులో ఉంటాను అనుకున్నాను. ఎంత నీచమైన ఆలోచనో అప్పుడు కూడా తెలుసు.

దీపావళి వెళ్ళిన నాలుగో రోజు పొల్లాచ్చి నుంచి ఒక కొబ్బరితోట రైతు పంపును వ్యానులో వేసుకుని వచ్చాడు. "ఇది నీళ్ళు తోడదు, ఏడుస్తాది" అన్నాడు. ఆ వారంలోనే మరో మూడు వచ్చాయి. పెద్దనాయన తనే విప్పాడు. షాఫ్టు బేరింగులో వదులుగా తిరిగి తిరిగి నల్లగా మాడిపోయింది. మాడని చోట కొలిస్తే సన్నం. చివర రెండు చుక్కలు. గేజి తెప్పించి చూశాడు. గేజి శుభ్రంగా, సరిగ్గా ఉంది. దాన్ని శుభ్రం చేసింది నేనే.

టీ వేళకు అందరినీ ఫిట్టింగు బల్ల దగ్గరికి పిలిచాడు. పనివాళ్ళు పెద్దనాయన్ని మొదలాళి అనేవాళ్ళు, యజమాని అని.

"ఇది నీ గుర్తే కదప్పా?"

"ఆమా మొదలాళి, నాదే."

"గేజి పెట్టి చూస్తివా?"

"చూస్తిని."

"గేజి సరిగా ఉండాది. షాఫ్టు సన్నంగా ఉండాది. ఎట్లా అయ్యింది చెప్పు."

ఆయన నా వైపు చూశాడు. కోపంగా కాదు. చేతులు గుడ్డకు తుడుచుకుంటూ, నా వంతు వచ్చిందన్నట్టు చూశాడు. గడప మీద అవ్వ ఉంది. సందనం వల్ల అయిందని ఆయన నోటితో అంటే అది ఏ మాటగా మారుతుందో ఆయనకు తెలుసు. ఆ మాట అనగలిగింది నేనొక్కణ్ణే. ఒక్క మాట. నేను బల్ల మీద ఉన్న బేరింగు వైపు చూస్తూ నిలబడ్డాను. తేలు కుట్టిన దొంగ ఎలా ఉంటాడో ఎవరికైనా చూడాలనిపిస్తే ఆ రోజు నన్ను చూస్తే సరిపోయేది.

"నాకు తెలీదు మొదలాళి" అన్నాడు ఆయన చివరికి.

మరుసటి రోజు నుంచి రావద్దన్నారు. తన పంచి తను తీసుకుని, లేతు తుడిచి, గడప దగ్గర ఆగి అవ్వకు "పోయొస్తానవ్వా" అని చెప్పి వెళ్ళాడు. అవ్వ ఎన్నో ఏళ్ళు ఆ మాటే తలుచుకునేది. "చెయ్యి ఎంత మంచిది, ఏమిటికి చెడగొట్టెనో ఆ బిడ్డ" అనేది. ఆమె అలా అన్నప్పుడల్లా నేను లేచి వెళ్ళిపోయేవాణ్ణి.

ఆయన్ని పంపేసిన సాయంత్రమే పెద్దనాయనకు అంతా చెప్పాను. గంధం, నా మాట, ముట్టుకోని మైక్రోమీటరు, తుక్కులో దాచిన షాఫ్టులు, అన్నీ. కొడతాడనుకున్నాను. కొట్టి ఉంటే బాగుండేది. చాలాసేపు తన కుడిచెయ్యి వైపు చూసుకుంటూ కూర్చున్నాడు.

"టర్నరు తప్పు చేస్తే కొన్నవాడు ఒప్పుకుంటాడురా. టర్నరును మారిస్తిమి అంటే మళ్ళీ కొంటాడు. కొలత చూసేవాడే చూడలేదు, వాడు మొదలాళి ఇంటి బిడ్డ అంటే ఎవడు కొంటాడు? పట్టరలో ఇరవైమంది ఉండారు. ఇది నాతో పోనీ."

"మరి అన్న?"

"నేనేం చెయ్యను? మిల్లు కాగితం చించెయ్యి. నువ్వు ఇప్పుడు పోతే ఏమిటికి పోయెనని నలుగురూ అడుగుతారు. ఇక్కడే కూర్చో. చూడని కొలతలు చూస్తూ కూర్చో" అన్నాడు.

చించాను. అడకత్తెరలో పోకచెక్క అంటారే, అదీ నా బతుకు. ఒక వైపు పెంచినవాడు, ఒక వైపు ఆ రెండు చుక్కలు.

ఆదివారం అన్న చర్చి నుంచి వచ్చే వేళకు వాళ్ళింటికి వెళ్ళాను. వాకిట్లో చాప వేశాడు, టీ ఇచ్చాడు. ఎలాగైనా మళ్ళీ తీసుకొస్తాను, కొన్నాళ్ళు ఆగమన్నాను.

"కొన్నాళ్ళు ఏమిటికి తంబీ? రేపే వస్తాను. ఆ రోజు నిలబెట్టారే, అదే బల్ల దగ్గర అందరి ముందరా ఒక మాట చెప్పు. గేజి తుడవమని నేను అడిగితినని. అంతే చాలు. అవ్వ మాట ఎత్తొద్దు."

"చూస్తాను అన్నా."

ఆయన నా మొహంలో ఏం చూశాడో, "సరి" అన్నాడు. టీ గ్లాసు లోపలికి తీసుకెళ్ళాడు.

సోమవారం టీ వేళకు ఫిట్టింగు బల్ల దగ్గర నిలబడ్డాను. అందరూ ఉన్నారు. నోరు తెరిచాను. అందరూ నా వైపు చూశారు. "కిరసనాయిలు అయిపోయింది, తెప్పించండి" అన్నాను. నా పిరికితనం కొలవడానికి ఏ గేజీ సరిపోదు.

షాఫ్టులు చెడగొట్టినవాడన్న మాట ఊళ్ళో పట్టరలన్నిటికీ పాకింది. ఎవరూ ఆయనకు లేతు ఇవ్వలేదు. చివరికి మా వీధి మిల్లులో, నేను చేరాల్సిన మిల్లులో, దూది బేళ్ళు విప్పే చోట కూలిగా చేరాడు. వెంట్రుకంత తేడా వేలితో పట్టే మనిషి దూది మోశాడు. మూడు గంటల సైరను మోగి షిఫ్టు మారినప్పుడు ఆయన మా గేటు ముందునుంచే నడిచి వెళ్ళేవాడు. తల మీద, కనుబొమల మీద దూది పీచు. తల వంచుకునేవాడు కాదు. నేనే ఆ వేళకు లోపల ఏదో పని పెట్టుకునేవాణ్ణి. ఏళ్ళ తరబడి మూడింటికి నేను స్టోరు రూములో ఉన్నాను. స్టోరు అంత చక్కగా సర్దిపెట్టేవాడు మా పేటలో మరొకడు లేడని పేరొచ్చింది.

పేరు అదొక్కటే కాదు. రోజూ పని మొదలుపెట్టే ముందు గేజి తుడిచి సరిచూడాలి, సరిచూసినవాడు సంతకం పెట్టాలి, అని రూలు పెట్టాను. తరవాత మా పట్టర నుంచి ఒక్క పంపు కూడా షాఫ్టు సన్నమై తిరిగి రాలేదు. పెద్దనాయన పోయాక ఆ కుర్చీలో నేనే కూర్చున్నాను. పట్టర పెరిగి ఫ్యాక్టరీ అయింది. దిండిగల్ నుంచి కూడా మా పద్ధతి చూసి నేర్చుకోవడానికి మనుషులు వచ్చేవాళ్ళు. కొలత మీద ఇంత పట్టుదల ఎలా వచ్చిందని అడిగేవాళ్ళు. అయిదు వేళ్ళ కథ చెప్పేవాణ్ణి. వాళ్ళు రాసుకునేవాళ్ళు. కక్కలేక మింగలేక నేను కాఫీ తెప్పించేవాణ్ణి. ఇప్పటికీ ఆయుధ పూజకు మా ఇంటి కోడలు అన్నిటికీ గంధం పెడుతుంది. గేజి మాత్రం నా జేబులో ఉంటుంది. ముసలాయన చాదస్తం అనుకుంటారు, అనుకోనీ.

చాలా ఏళ్ళ తరవాత పొల్లాచ్చి బస్టాండులో ఆయన్ని చూశాను. ఈసారి తప్పించుకోవడానికి స్టోరు రూము లేదు. బాగా ముసలివాడయ్యాడు, దగ్గు పట్టుకుంది. పక్కన కూతురు ఉంది, అక్కడ ఆస్పత్రిలో నర్సు. నేను ఎవరో ఆయన చెప్పగానే ఆమె నవ్వింది.

"మీ పట్టరేనా సార్? నాయన ఎప్పుడూ చెప్తాడు. తొందరపడి షాఫ్టులు సన్నం చేస్తిని, తప్పు నాదే అని. మమ్మల్ని కూడా నిదానంగా చెయ్యమంటాడు ఏ పనైనా."

తన ఇంట్లో కూడా ఆయన చెప్పలేదు. నా పేరు తియ్యకుండా తప్పు తన మీదే వేసుకుని బిడ్డల్ని పెంచాడు. ఇప్పుడు చెప్పు, ఇప్పుడైనా చెప్పు అని లోపల ఎవరో పొడుస్తున్నారు. ఆయన నా వైపు చూశాడు, ఆ రోజు బల్ల దగ్గర చూసినట్టే.

"గేజి తుడుస్తాండావా తంబీ?" అన్నాడు.

"దినమూ తుడుస్తాను అన్నా."

"సరి" అన్నాడు.

నా చేతిలో ఒక తెలుగు పుస్తకం ఉంది. ఆ పిల్ల దాన్ని తిప్పి చూసి, ఇదేం రాత అని అడిగింది. మనదే అన్నాను. "మాకు మాట్లాడను వచ్చు అంతే సార్. ఇంట్లో ఒకరికీ చదవను రాదు" అంది. బస్సు వచ్చింది, ఆయన చెయ్యి పట్టుకుని ఎక్కించింది.

మొన్నామధ్య ఆయన పోయాడని తెలిసింది. అంత్యక్రియలకు వెళ్ళి వెనక వరసలో నిలబడి వచ్చాను. ఆ రాత్రి నిద్ర పట్టక ఇది మొదలుపెట్టాను. ఆ షాఫ్టులు ఆయన చెడగొట్టలేదు. గేజి తుడవమని అడిగాడు, నేను తుడవలేదు. అందరి ముందరా చెప్పమన్నాడు, చెప్పలేదు. ఇదిగో, ఇప్పుడు అంతా చెప్పేశాను, అవ్వ నేర్పిన అక్షరాల్లో, దాపరికం లేకుండా. ఆ కూతురికి ఒక కాపీ పంపాలని కూడా అనుకున్నాను. ఆమెకు దీన్ని చదవను రాదు. మా ఫ్యాక్టరీలో ఇప్పుడున్నవాళ్ళలో ఒక్కరూ చదవలేరు. తమిళంలో అయితే నేను దీన్ని ఇంకా బాగా రాయగలను.